ఆచార్య సత్యేంద్రనాథ బోసు

విశ్వమందలి కణములు రెండు జాతులు. అందొక జాతికి బోసానులని పేరు. ఆ పేరు మన దేశీయుడగు సత్యేంద్రనాథ బోసుగారిది. వారి చరిత్రము తెలుగువారు తెలిసికొనదగినదని మా తలంపు.

వారు 1894 జనవరి 1వ తేదీన కలకత్తాలో జన్మించిరి. తండ్రి రైల్వే కొలువునందుండిరి. ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశచంద్ర బోసు, ప్రఫుల్లచంద్ర రాయి గారల శిష్యులై, 1915లో గణితమున ఎం.ఎస్‌సి. పరీక్షయందు ప్రథములైరి, ద్వితీయస్థానము సహాధ్యాయి మేఘనాథ సాహాగారిది. 1921లో ఢాకా విశ్వవిద్యాలయమున నధ్యాపకులైరి.

వెలుతురునుగూర్చిన ప్లాంకు సూత్రమును రాబట్టు పాతరీతి వారికి నచ్చలేదు. తామే క్రొత్త లెక్క కట్టిరి. మన యిండ్ల వామనగుంటల పీటను తలచుకొందము. రెండు గుంటలలో రెండు చింతగింజలు వేయుటకు, గింజలు వేర్వేరని యెంచినచో నాలుగు విధములు. ఏది యేదియో గుర్తింపరానివైనచో మూడే. వెలుతురుకణము లిట్టి గుర్తింపరాని గింజలని వారి లెక్క తేల్చినది.

ఆ వ్యాసమును ఆంగ్లపత్రిక ప్రచురింపలేదు. బోసుగారు నిరుత్సాహపడక 1924 జూను 4న దానిని ఐన్‌స్టీను పండితునకు పంపిరి. ఆయన స్వయముగా జర్మనుభాషలోనికి తర్జుమా చేసి యచ్చొత్తించెను. అదే లెక్కను అణువులకు వర్తింపజేసి, మిక్కిలి చల్లబరచినచో నవి యొకే స్థితిలో గూడునని చెప్పెను. 1995లో అమెరికాలో రుబీడియము అణువులతో నది ప్రత్యక్షమాయెను.

నేటి పండితులు లేసరు కిరణముల నడ్డముగను నిలువుగను పరచి, చదరంగపు గళ్లవంటి గుంటలను గల్పించి, బోసానులను నింపుచున్నారు. గుంటలు లోతు తక్కువైనచో కణములు గుంటనుండి గుంటకు దుమికి, ఏ గుంట నెన్ని యున్నవో నిలుకడ లేక, అన్నియు నొకే ప్రవాహమై యడ్డులేక పారును. లోతు హెచ్చినచో, ఒకదాని నొకటి త్రోసికొను గుణమే మిన్నయై, లెక్క సరిపడినపుడు గుంటకింతయని స్తంభించును. ఈ మార్పు వేడివలన గాదు; దుముకుటకును త్రోపునకును గల పోటీవలననే. 1989లో ఫిషరు మొదలగువారు దీనిని సిద్ధాంతీకరించిరి. 1993లో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థ పండితులు విశదపరచిరి. 2002లో మ్యూనికు నగరమున ముప్పేట గుంటలలోను, పిదప నొకే తలముపైనను ప్రయోగమున గనబడెను.

బోసుగారికి డాక్టరు బిరుదము లేదు. అయినను యూరపునుండి మరలివచ్చి ఢాకాలో ఆచార్యులైరి. 1945లో కలకత్తా చేరిరి. 1954లో పద్మవిభూషణులు, 1958లో రాయల్ సొసైటీ సభ్యులు నైరి. 1974 ఫిబ్రవరి 4న కాలధర్మము నొందిరి. నోబెలు బహుమానము వారికి రాలేదు. 1995 నాటి ప్రయోగములకై 2001లో మువ్వురకు వచ్చెను.

దానికై వగచుటకంటె వారి రెండవ కృషిని గుర్తించుట మేలు. 1948లో వంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించి, వంగభాషలో విజ్ఞానపత్రికను వెలయించిరి. మాతృభాషలో నెంత గహనశాస్త్రమునైనను బోధింపవచ్చునని వారి దృఢవిశ్వాసము. ఐన్‌స్టీను పండితుడు బోసు వ్యాసమును తన భాషలోనికి దెచ్చుకొనుటకు సంకోచింపలేదు, మనమేల సంకోచింపవలెను? ఆలూరు, ఆదవాని ప్రాంతముల రైతుబిడ్డ తన భాషలో నీ శాస్త్రమును చదువుటకు గ్రంథములు కావలెను. గుడికి మండపము గట్టించు దాతలు బడికి శాస్త్రగ్రంథములు వ్రాయింపజాలరా? అదియే బోసుగారికి తెలుగునాడు చేయదగిన స్మారకమని మేము తలంచుచున్నాము.