లూయీ బారన్

లూయీ బారన్ (ఏప్రిల్ 23, 1920 - నవంబరు 1, 1989) అమెరికాకు చెందిన ఎలక్ట్రానిక్ సంగీతకారుడు. భార్య బీబీ బారన్‌తో కలిసి 1956లో విడుదలైన ఫర్‌బిడెన్ ప్లానెట్ చలనచిత్రానికి సంగీతం సమకూర్చి ప్రసిద్ధుడయ్యాడు. పెద్ద నిర్మాణసంస్థలు తీసిన కథాచిత్రాలలో ఆద్యంతం ఎలక్ట్రానిక్ ధ్వనులతోనే సంగీతం కూర్చిన మొదటి చిత్రం ఇది. మన మాయాబజార్ దాని మరుసటి సంవత్సరం విడుదలైనది.

జీవిత విశేషాలు

ఈయన మిన్నియాపొలిస్ నగరంలో జన్మించాడు. చిన్న వయసు నుండి టంకపు పనిలోను, విద్యుత్ పరికరాలలోను ఆసక్తి కలవాడు. 1947లో బీబీని వివాహమాడాడు. ఆ సందర్భంలో ఒక బంధువు వీరికి టేపు రికార్డరు బహూకరించాడు. ఆ రోజులలో అది అపురూపమైన వస్తువు. దంపతులు న్యూయార్కులోని గ్రీనిచ్ విలేజ్‌లో స్వంత స్టూడియో నెలకొల్పారు. ప్రయోగశీలిగా పేరుపొందిన జాన్ కేజ్ 1952లో రూపొందించిన విలియమ్స్ మిక్స్ అనే కృతికి ధ్వనులు సేకరించి ఇచ్చినది వీరే.

ధ్వని నిర్మాణ పద్ధతి

నార్బర్ట్ వీనర్ 1948లో ప్రచురించిన సైబర్నెటిక్స్ గ్రంథం లూయీపై గాఢమైన ప్రభావం చూపినది. జీవులలోను, యంత్రాలలోను నియంత్రణ ఒకే విధంగా జరుగుతుందని ఆ గ్రంథం ప్రతిపాదిస్తుంది. దానిలోని సమీకరణాల ఆధారంగా ఈయన వాక్యూమ్ ట్యూబులతో సర్క్యూట్లు నిర్మించి, వాటి శక్తికి మించిన విద్యుత్తును ప్రవహింపజేసేవాడు. అవి కీచుమని, మూలిగి, బుడబుడమని శబ్దాలు చేసి చివరకు కాలిపోయేవి. కాలిపోయిన సర్క్యూటును అవే భాగాలతో తిరిగి నిర్మించినా మునుపటి ధ్వని వచ్చేది కాదు. అందువలన ప్రతి సర్క్యూటు ఆయుర్దాయమంతా టేపుపై నమోదు చేయవలసి వచ్చేది. గంటల తరబడి సాగే ఆ టేపులను విని, పనికివచ్చే ముక్కలను ఏరినది బీబీ. వాటి వేగం మార్చి, వెనుకకు త్రిప్పి, ప్రతిధ్వని చేర్చి సంగీతంగా మలచేవారు. ఈ కృషిలో ఆమె పాత్రను సహాయకురాలి స్థాయికి తగ్గించి చూడడం సరికాదు.

గుర్తింపు వివాదం

మొదట ఎం.జి.ఎం. సంస్థ వీరిని కొన్ని నిమిషాల శబ్దాలకే నియమించదలచి, అవి విన్న తరువాత చిత్రమంతా అప్పగించినది. అయితే వాద్యకారుల సంఘంతో చిక్కులు వస్తాయని, చిత్రం పేర్లలో సంగీతం అనే మాట తొలగించి ఎలక్ట్రానిక్ టోనాలిటీస్ అని వేశారు. దీనివలన ఆస్కార్ సంగీత పురస్కార పరిశీలనకు ఈ కృతి నోచుకోలేదు. ఆ తరువాత ఈ దంపతులకు హాలీవుడ్‌లో ఇటువంటి అవకాశం మరొకటి లభించలేదు. సంగీతపు రికార్డు కూడా 20 సంవత్సరాల తరువాత, 1976లో గాని వెలువడలేదు.

చివరి సంవత్సరాలు

1970లో దంపతులు విడాకులు తీసుకున్నారు. అయినను లూయీ మరణించేవరకు ఇద్దరూ కలిసే స్వరరచన చేశారు. ఈయన లాస్ ఏంజెలెస్‌లో మరణించాడు. బీబీ 2008లో మరణించినది.