కరీంనగర్‌కు బయలుదేరి, రాకుండానే పోయిన సౌందర్య

సౌందర్య పేరెత్తితే మా కరీంనగర్ వైపు ఆడవాళ్లకు సినిమాలతోపాటు 2004 ఏప్రిల్ 17 కూడా గుర్తొస్తుంది. ఎన్నికల ప్రచారం కోసం ఆ రోజు ఆమె బయలుదేరింది మా ఊరికే. అప్పటికి ఆమెకు నిండా ముప్పై రెండేళ్లు లేవు. పెళ్లయి ఏడాది కూడా కాలేదు.

అసలు పేరు సౌమ్య. కోలారు జిల్లా అమ్మాయి. తండ్రి సత్యనారాయణ కన్నడంలో రచయిత, నిర్మాత. ఎం.బి.బి.ఎస్.లో చేరిన పిల్ల మొదటి ఏడాదిలోనే చదువు మానేసి 1992లో సినిమాల్లోకొచ్చింది. 1995లో వచ్చిన 'అమ్మోరు'తో మన ఇళ్లల్లో మనిషైపోయింది. 'పవిత్ర బంధం', 'అంతఃపురం', 'రాజా'... ఏం చీరలు కట్టేదండీ! 'పెళ్లి చేసుకుందాం'లో అత్యాచారానికి గురైన అమ్మాయిగా తల దించుకోకుండా నిలబడింది. నాకైతే ఆమె వేషాల్లో అదే గొప్ప.

సొంతంగా కన్నడంలో 'ద్వీప' తీసింది. డ్యాం నీళ్లు ఊరిని ముంచుతుంటే ఇల్లు వదలని ఇల్లాలి కథ. దానికి జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది. మిడ్ మానేరులో ఊళ్లు పోగొట్టుకున్న మా వాళ్లకు ఆ సినిమా ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

ఇక ఆ విమానం. సెస్నా 180, ఒకే ఇంజను, నాలుగు సీట్లు. బెంగళూరు జక్కూరులో లేచి, వందడుగుల ఎత్తుకెళ్లిందో లేదో, పక్కకు తిరిగి దగ్గర్లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో పడి తగలబడింది. ఆమె, అన్న అమర్‌నాథ్, వెంట ఉన్న పార్టీ మనిషి, పైలట్, నలుగురూ పోయారు.

పెద్ద విమానాల్లో బ్లాక్ బాక్సులుంటాయి. పేరుకే నలుపు, రంగు మాత్రం నారింజ. ఒకటి ఎత్తు, వేగం, ఇంజన్ల తీరు నమోదు చేస్తే, రెండోది పైలట్ల మాటలు పడుతుంది. ఇంత చిన్న వాటిల్లో అవి పెట్టాలన్న నిబంధన లేదు. మరి కారణం ఎట్లా తేలుస్తారు? కాలిన ఇనుమునే అడగాలి. ముందుగా ప్రొపెల్లర్ రెక్కలు చూస్తారు. పడేటప్పుడు ఇంజను గట్టిగా తిరుగుతుంటే రెక్కలు మెలిపడతాయి, నేలలో కోతలు పడతాయి. ఆగిపోయి ఉంటే ఒకటి వెనక్కి వంగి, తక్కినవి ఇంచుమించు తిన్నగానే ఉంటాయి. ఇంధనంలో నీళ్లు కలిశాయేమో పరీక్షిస్తారు. మనుషులు, సామాన్లు, పెట్రోలు కలిపి బరువు లెక్కగడతారు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉంది, పైగా ఏప్రిల్ ఎండ. పలచబడ్డ గాలిలో రెక్కలకు లేపే బలం తగ్గుతుంది. అంత కిందుగా మలుపు తిరిగేటప్పుడు వేగం పడిపోతే సర్దుకోవడానికి ఎత్తే ఉండదు. పడేముందు విమానం ఊగిందని చూసినవాళ్లు చెప్పారు. అట్లాంటి మాటలనూ శిథిలాలతో సరిపోల్చుకుంటారు. మంటలు సగం సాక్ష్యాన్ని మింగేస్తాయి, అదే చిక్కు.

అప్పట్లో ఈ దర్యాప్తులు పౌర విమానయాన డైరెక్టరేట్ చేసేది. అనుమతులిచ్చే సంస్థే తప్పులూ వెతకడమేమిటన్న విమర్శ ఉండేది. 2012లో విడిగా ప్రమాదాల దర్యాప్తు విభాగం వచ్చింది.

ఆమె పోయాక 2004 ఆగస్టులో కన్నడ 'ఆప్తమిత్ర' విడుదలైంది. మనం తర్వాత చూసిన 'చంద్రముఖి' కథే అది. అందులో గంగ వేషం సౌందర్యది.