మంచులో నిలబడిన మనిషి – ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్

సావనీరుకు ఏదైనా సైన్సు వ్యాసం ఇవ్వమని మా యూనియన్ కార్యదర్శి రెండు వారాలుగా వెంటపడుతున్నాడు. సైన్సు విద్యార్థి కలం పడితే అణుశక్తి గురించో, అంతరిక్షం గురించో వ్రాస్తాడని అందరికీ ఒక నమ్మకం. నేను వ్రాస్తున్నది ఒక ఫొటోగ్రాఫర్ గురించి. ఇందులోనూ కాస్త రసాయనశాస్త్రం ఉంది గనుక కార్యదర్శిగారు నన్ను క్షమించాలి.

వెండి హాలైడుల పాఠం జరుగుతున్న రోజు మా లెక్చరర్‌గారు ఫోగెల్ అనే జర్మన్ ప్రొఫెసరు పేరు చెప్పారు. ఆయన శిష్యుడొకడు మంచు తుఫానులో గుర్రపు బండిని ఫొటో తీసి లోకంలో పేరు తెచ్చుకున్నాడని ఒక్క ముక్క అని, బోర్డు తుడిచేసి వెళ్ళిపోయారు. ఆ ముక్క నా బుర్రలోంచి పోలేదు. లైబ్రరీలో ఫొటోగ్రఫీ చరిత్ర మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది. దుమ్ము దులిపి తెరిస్తే ఆ బొమ్మ కనబడింది.

విశాలమైన వీధి. నేలంతా మంచు. ఆ మంచులో చక్రాలు తొక్కిన లోతైన గాళ్ళు, మా ఊళ్ళో వానాకాలం పొలం దారిలో బండి గాళ్ళున్నట్టే ఉన్నాయి. ఆ గాళ్ళ వెంబడి గుర్రాలు బండిని లాక్కుంటూ మనవైపే వస్తున్నాయి. పైన తోలేవాడు చెర్నాకోల ఎత్తి ఉన్నాడు. మంచు గీతలు గీతలుగా పడుతోంది. వెనకాల మేడలు ఉన్నాయో లేవో అన్నట్టు బూడిదరంగులో కరిగిపోయాయి. అంతే బొమ్మ.

ఇక్కడొక మాట చెప్పాలి. మన తెలుగులో మంచు అన్న ఒక్క మాటతోనే అన్నీ గడిచిపోతాయి. ధనుర్మాసంలో తెల్లవారుజామున పొలాల మీద కమ్మేదీ మంచే, గడ్డి మీద నిలిచే బొట్టూ మంచే, హిమాలయాల మీద గడ్డకట్టి ఉండేదీ మంచే. నేను ఇరవై ఏళ్ళ వాణ్ణి, మొదటి రెండూ చూశాను, మూడోది చూడలేదు. అయినా ఆ బొమ్మ నాకు కొత్తగా అనిపించలేదు. ఎందుకో తరువాత చెబుతాను. ముందు ఆ మనిషి సంగతి.

ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1864 జనవరి 1న అమెరికాలో, న్యూయార్క్‌కు ఏటి అవతల ఉన్న హొబోకెన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి ఎడ్వర్డ్ జర్మనీ నుంచి వలస వచ్చిన యూదుడు, ఉన్ని వ్యాపారంలో బాగా సంపాదించాడు. ఆరుగురు సంతానంలో ఆల్‌ఫ్రెడ్ పెద్దవాడు. 1881లో తండ్రి వ్యాపారాన్ని నాలుగు లక్షల డాలర్లకు అమ్మేసి, పిల్లల చదువుల కోసం కుటుంబాన్నంతా యూరపు తీసుకుపోయాడు. పిల్లవాణ్ణి ఇంజనీరు చేయాలని తండ్రి కోరిక. (ఆ కాలంలో కూడా ఇదే గోల!) 1882లో బెర్లిన్ సాంకేతిక కళాశాలలో మెకానికల్ ఇంజనీరింగులో చేర్పించారు.

అక్కడే హెర్మన్ విల్‌హెల్మ్ ఫోగెల్ తగిలాడు. ఆయన ఫొటోగ్రఫీ రసాయనశాస్త్రం చెప్పేవాడు. వెండి బ్రోమైడు పూసిన ప్లేటుకు నీలం, ఊదా కాంతులు బాగా సోకుతాయి గాని పసుపు, ఆకుపచ్చ రంగులు సరిగ్గా సోకవు. అందుకే పాత ఫొటోల్లో ఆకాశం తెల్లగా వెలిసిపోయి, పచ్చటి చెట్లు నల్లగా ఉండేవి. ప్లేటులో కొన్ని రంగుద్రవ్యాలు కలిపితే ఆ కాంతులు కూడా పట్టుకుంటుందని 1873లో కనిపెట్టినవాడు ఈ ఫోగెలే. అలాంటి గురువు దొరికాక ఇంజనీరింగు ఎవడిక్కావాలి? స్టీగ్లిట్జ్ ఒక కెమెరా కొన్నాడు. ఇంజనీరింగు నెమ్మదిగా జారిపోయింది. నేలమాళిగలో ఒక చిన్న బల్బు వెలుతురులో డైనమో యంత్రాన్ని ఇరవైనాలుగు గంటలు ప్లేటు తెరిచి ఉంచి ఫొటో తీశాడట. ఎంత తక్కువ వెలుతురు చాలుతుందో తేల్చుకోవాలన్న పట్టుదల అది. మేము ల్యాబులో ఒక్క టైట్రేషన్ రెండోసారి చేయమంటే మొహం మాడ్చుకుంటాం.

1887లో ఇంగ్లండు పత్రిక ఒకటి పెట్టిన పోటీలో మొదటి బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేత పీటర్ హెన్రీ ఎమర్సన్, ఆ రోజుల్లో పెద్ద పేరున్న ఫొటోగ్రాఫర్. 1890లో చెల్లెలు ఫ్లోరా ప్రసవంలో చనిపోయింది. ఆ ఏడే ఆయన న్యూయార్క్ తిరిగి వచ్చేశాడు. తండ్రి సాయంతో, ఇద్దరు మిత్రులతో కలిసి బొమ్మలు అచ్చువేసే కంపెనీ నడిపాడు. వ్యాపారం ఆయన ఒంటికి పడలేదు. 1895లో వదిలేశాడు.

ఇప్పుడు ఆ మంచు రోజు. 1893 ఫిబ్రవరి 22. న్యూయార్క్ మీద మంచు తుఫాను విరుచుకుపడింది. అప్పట్లో ఫొటో అంటే మూడుకాళ్ళ స్టాండు, బరువైన పెట్టె కెమెరా, కదలకుండా కూర్చున్న మనిషి. చేత్తో పట్టుకు తీసే చిన్న కెమెరాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. అవి ఆటవస్తువులని గట్టివాళ్ళు చిన్నచూపు చూసేవారు. స్టీగ్లిట్జ్ కూడా మొదట్లో ఆ జాతివాడే. అలాంటివాడు ఒక మిత్రుడి దగ్గర చేతి కెమెరా అరువు తెచ్చుకుని, ఫిఫ్త్ ఎవెన్యూలో ముప్ఫై అయిదో వీధి మూల మీద నిలబడ్డాడు. ఒక గంట కాదు, మూడు గంటలు నిలబడ్డానని తరువాత తానే చెప్పుకున్నాడు. బండ్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఆయన మీట నొక్కడం లేదు. గాలి, మంచు, బండి, వీధి అన్నీ ఒక పొందికలో కుదిరే క్షణం కోసం చూస్తున్నాడు.

దీనిలో కష్టమేమిటో సైన్సు విద్యార్థులకు వేరే చెప్పక్కరలేదు. తుఫాను పూట వెలుతురు తక్కువ, కాబట్టి షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. బండి కదులుతోంది, చేతిలో కెమెరా వణుకుతోంది, కాబట్టి తక్కువసేపే తెరవాలి. రెండూ ఒకేసారి కుదరవు. పైగా నేలా తెలుపే, ఆకాశమూ తెలుపే. నీడలు లేవు. లెన్సు మీద మంచు పడితే అంతా అయిపోయినట్టే. అలాంటి వాతావరణంలో ఫొటో సాధ్యం కాదని తోటి సభ్యులు అనుకునేవారు.

ఆయన ఇంకా తడిగా ఉన్న నెగెటివ్‌ను క్లబ్బులో నలుగురికీ చూపించాడు. వాళ్ళు నవ్వారు. మసకగా ఉంది, పారెయ్యమన్నారు. ఆయన పారెయ్యలేదు. నెగెటివ్‌లో అక్కరలేని అంచులు కత్తిరించి, మధ్యలో బండి ఉన్న భాగం మటుకు పెద్దది చేసి ప్రింటు తీశాడు. నవ్వినవాళ్ళు ఆ ప్రింటు చూసి ఏమన్నారో గాని, ఫొటోగ్రఫీ చరిత్ర వ్రాసే ప్రతివాడూ ఇవాళ ఆ బొమ్మ దగ్గర ఆగుతాడు. 1897లో చేతి కెమెరాను గురించి ఆయనే ఒక వ్యాసం వ్రాసి, అసలు పని మీట నొక్కడం కాదని, ఓపిక పట్టడమని వివరించాడు.

ఆ ఏడాదే తీసిన ఇంకో బొమ్మ పేరు టెర్మినల్. నాకైతే మొదటిదాని కంటే ఇదే ఎక్కువ. పాత పోస్టాఫీసు ఎదుట గుర్రాల ట్రాము చివరి స్టాపు. అక్కడ ట్రామును మళ్ళీ వెనక్కి తిప్పుతారు. పొడుగు కోటు వేసుకున్న బండివాడు గుర్రాలకు నీళ్ళు పెడుతున్నాడు. గుర్రాల ఒళ్ళంతా పొగలు. అది పొగా కాదు, నిజానికి ఆవిరీ కాదు. చెమట ఆవిరై, చల్లగాలి తగలగానే సన్నటి నీటి బిందువులుగా మారితే కంటికి అలా కనిపిస్తుంది. యూరపు నుంచి వచ్చినప్పటి నుంచీ ఆ ఊళ్ళో తనకెవరూ లేనట్టు దిగులుగా తిరుగుతున్న స్టీగ్లిట్జ్, ఆ గుర్రాలకైనా చూసుకునే మనిషి ఒకడున్నాడని మనసు కరిగి ఆ బొమ్మ తీశాడట.

మా ఎడ్లు కూడా అలాగే పొగలు కక్కేవి. ధనుర్మాసం పొద్దున్నే కట్టె బండి లాక్కొచ్చి కొట్టం ముందు ఆగితే వాటి వీపుల మీంచి తెల్లగా లేచేది. ఆ బొమ్మ నాకెందుకు కొత్తగా లేదో ఇప్పుడు తెలిసిందిగా.

ఆ తరువాతి స్టీగ్లిట్జ్ సంగతి గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే అది ఒక పుస్తకం అవుతుంది. 1898లో న్యుమోనియా నుంచి కోలుకుంటూ, అర్ధరాత్రి మంచులోకి వెళ్ళి చెట్ల కింద దారిని ఫొటో తీశాడు. 1902లో తన మార్గం నచ్చినవాళ్ళను కూడగట్టి ఫొటో సెసెషన్ అనే బృందం పెట్టాడు. 1903 నుంచి 1917 దాకా కెమెరా వర్క్ అనే పత్రిక 50 సంచికలు నడిపాడు. అచ్చులో అంత అందమైన ఫొటో పత్రిక ఇంకోటి రాలేదంటారు. చివరికి చందాదారులు నలభైకి లోపే మిగిలారు. 1905లో ఎడ్వర్డ్ స్టైకెన్‌తో కలిసి ఫిఫ్త్ ఎవెన్యూ 291వ నంబరులో చిన్న గదులు తీసుకుని గ్యాలరీ తెరిచాడు. మాటీస్‌నూ, పికాసోనూ అమెరికాకు మొదట చూపించింది ఆ చిన్న గదులే. 1907లో ఓడ కింది అంతస్తులోని పేద ప్రయాణికులను తీసిన స్టీరేజ్ ఫొటో మరో మైలురాయి. 1922 నుంచి మేఘాలను ఫొటోలు తీయడం మొదలెట్టాడు. ఎదుటి మనుషుల్ని మంత్రముగ్ధుల్ని చేసి ఫొటోలు తీస్తాడని ఎవరో అంటే, మబ్బుల్ని ఎవడు మంత్రించగలడని కెమెరాను ఆకాశానికి తిప్పానని ఆయన చెప్పుకున్న కారణం. మనదేశపు కళ గురించి లోకానికి చాటిన ఆనంద కుమారస్వామి బోస్టన్ మ్యూజియంలో ఉండేవారు. ఆయన చొరవతోనే 1924లో ఆ మ్యూజియం స్టీగ్లిట్జ్ ఫొటోలు 27 స్వీకరించింది. ఫొటోను కళగా మ్యూజియం గోడల లోపలికి రానివ్వడం అప్పట్లో చిన్న విషయం కాదు.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చేయను. 1893లో ఎమ్మెలిన్‌ను పెళ్ళాడాడు, ఆమెది డబ్బున్న కుటుంబం. ఆ డబ్బు మీద బ్రతుకుతూ ఆమెను ఏనాడూ సరిగ్గా పట్టించుకోలేదు. చిత్రకారిణి జార్జియా ఓ'కీఫ్‌తో కలిశాక ఆ ఇల్లు వదిలేశాడు. 1924లో విడాకులు అయ్యాయి, ఆ ఏడే ఓ'కీఫ్‌తో పెళ్ళి. కూతురు కిట్టీ 1923లో ప్రసవం తరువాత మతి చెడి, మిగిలిన జీవితమంతా ఆసుపత్రుల్లోనే గడిపింది. ఆ మేఘాల ఫొటోల అందం ముందు ఇవన్నీ మరిచిపొమ్మని కొందరు వ్రాస్తారు. నేను మరిచిపోలేను.

ఇంకొక అనుమానం కూడా నన్ను వదల్లేదు. మూడు గంటలు మంచులో నిలబడటం గొప్పే. కాని ఆ పూట సంపాదన లేకపోయినా తండ్రి సొమ్ము ఉన్నవాడు నిలబడ్డాడు. ఆ బండి మీద చెర్నాకోల ఎత్తినవాడు మాత్రం రోజంతా ఆ తుఫానులోనే ఉన్నాడు. వాడి పేరు ఎవరూ వ్రాసిపెట్టలేదు. రైతు బిడ్డను కనుక నాకు ముందు అదే తోచింది. అయితే ఇంకో వైపు చూస్తే, వాడు అలా ఒక రోజు ఉన్నాడని మనకు తెలిసింది ఆ డబ్బున్నవాడు నిలబడబట్టే. దీనికి నా దగ్గర తీర్పు లేదు.

1917లో కెమెరా వర్క్ ఆగిపోయింది, గ్యాలరీ మూతపడింది. ఆ ఏడే న్యూయార్క్ వీధుల్లో ఆఖరి గుర్రాల ట్రాము కూడా ఆగింది. స్టీగ్లిట్జ్ 1946 జూలై 13న 82వ ఏట పోయాడు. ఓ'కీఫ్ ఆయన చితాభస్మాన్ని ఆయనకు ఇష్టమైన లేక్ జార్జ్ ఒడ్డున పాతిపెట్టింది. ఆయన ప్రింట్లు 1,600కు పైగా ఏరి వాషింగ్టన్ జాతీయ గ్యాలరీకి చేర్చింది.

మా ఎడ్లను పోయిన సంక్రాంతి వెళ్ళాక అమ్మేశాం. దుక్కికి ట్రాక్టరు వచ్చాక వాటికి మేత దండగయింది, నా హాస్టలు బాకీ కూడా ఉంది. బేరగాడు వచ్చిన పొద్దున మంచు విపరీతంగా కమ్మింది. వాడు పగ్గాలు పట్టుకు తోలుకుపోతుంటే నేను సెల్‌ఫోనులో ఒక ఫొటో తీశాను. ఎద్దులు సరిగ్గా కనబడవు. దాపటిదాని కొమ్ములు, నాన్న వీపు, మిగిలినదంతా తెలుపు. హాస్టల్లో మిత్రులు చూసి, ఇదేం ఫొటోరా, తీసెయ్యమన్నారు. నేను తీసెయ్యలేదు. అంచులు కత్తిరించి ప్రింటు వేయించాను.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ ప్రింటుతోపాటు టెర్మినల్ బొమ్మ నకలు కూడా నాన్నకు చూపించాను. ఎడ్ల ఫొటోను చాలాసేపు చూసి ఏమీ అనకుండా అమ్మ చేతికిచ్చాడు. రెండోదాన్ని వెలుగులోకి తీసుకుపోయి మరీ చూశాడు. వాడెవడోగాని, చెమట ఆరకముందే నీళ్ళు పెట్టేస్తున్నాడని, కాసేపు నిలబెట్టి గడ్డితో ఒళ్ళు రుద్ది అప్పుడు పెట్టాలని అన్నాడు.