మైలాపూరు బడి వసారాలో నిలబడిన పిల్లవాడు

ఈ నెల పరిచయ వ్యాసానికి జిడ్డు కృష్ణమూర్తి గారి జీవితాన్ని తీసుకున్నాను. మన పిల్లల్లో చాలామందికి ఆయన పేరు తెలుసు, తత్వవేత్త అని కూడా తెలుసు. కానీ ఆయన మన చెన్నైలోనే చదువు రాని పిల్లవాడిగా పేరు పడ్డారని, తరువాత మూడు ఖండాల్లో బడులు పెట్టించారని తెలిసినవాళ్లు తక్కువ. ఇంగ్లండులో ఉన్న ఒక అంతర్జాతీయ పాఠశాల గురించి ముఖ్యంగా చెప్పాలి. అయితే ముందు మదనపల్లె నుంచి మొదలుపెడదాం.

1895 మే నెలలో మదనపల్లెలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో ఆయన పుట్టారు. ఆ ఊరు అప్పుడు కడప జిల్లాలో ఉండేది. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి, తల్లి సంజీవమ్మ. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. చిన్నప్పుడే మలేరియా పట్టుకుంది, జ్వరాలతో బడి మానేసిన రోజులే ఎక్కువ. బడికి వెళ్లిన రోజున పలకా బలపమూ ఎవరో పేద పిల్లవాడికి ఇచ్చేసి వట్టి చేతులతో ఇంటికొచ్చేవాడట. పదేళ్ల వయసులో, 1905లో, తల్లి పోయింది.

ఇంకో సంగతి ఉంది. ఒకరోజు తండ్రి గడియారాన్ని ముక్కలు ముక్కలుగా విప్పేశాడు. దాన్ని తిరిగి బిగించేదాకా బడికి వెళ్లనని, తిండి కూడా తిననని మొండికేశాడు. చివరికి బిగించాడు. ఇలాంటి పిల్లవాణ్ణి మందబుద్ధి అని ఎలా అనగలిగారో నాకైతే అర్థం కాదు. కానీ అన్నారు.

నారాయణయ్య దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. ఉద్యోగ విరమణ తరువాత 1909 జనవరిలో నలుగురు కొడుకులతో అడయారు వచ్చి, సమాజం ఆవరణ పక్కనే ఒక చిన్న ఇంట్లో దిగాడు. కృష్ణ, తమ్ముడు నిత్యానంద ఇద్దరూ మైలాపూరు బడికి నడిచి వెళ్లేవారు. పాఠం బుర్రకెక్కదు, అడిగితే జవాబు రాదు. మాస్టారు బెత్తం తీసేవారు. దెబ్బ తినని రోజు అరుదు. ఒక్కోసారి తరగతి బయట వసారాలో నిలబెట్టి, ఆ సంగతే మరిచిపోయేవారు. సాయంత్రం తమ్ముడు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేదాకా పిల్లవాడు అక్కడే నిలబడి ఉండేవాడు. ముప్పై ఏళ్లుగా తరగతి గదుల్లో తిరుగుతున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఆ మాస్టారు చెడ్డవాడు కాకపోవచ్చు. నలభై మంది పిల్లల్లో ఒకణ్ణి బయట నిలబెట్టి మరిచిపోవడం ఎంత తేలికో ఉపాధ్యాయులందరికీ తెలుసు.

ఆ ఏడాదే అడయారు తీరంలో ఈ పిల్లవాడు సమాజం నాయకుల్లో ఒకరైన లెడ్‌బీటర్ కంట పడ్డాడు. రాబోయే జగద్గురువు ఇతనేనని సమాజం వాళ్లు నమ్మారు. బడి మాన్పించి, ఇద్దరు అన్నదమ్ములకూ ఆవరణలోనే చదువు చెప్పించారు. అనీ బిసెంట్ వాళ్ల సంరక్షణ తీసుకున్నారు. 1911లో ఆ పిల్లవాడు అధిపతిగా తూర్పు తారక సంఘం ఏర్పడింది, అదే ఏడాది ఇంగ్లండు ప్రయాణం. తండ్రికి ఇది తరువాత నచ్చలేదు. పిల్లల్ని వెనక్కి ఇమ్మని దావా వేశాడు. మద్రాసు హైకోర్టు తండ్రివైపు తీర్పు ఇచ్చింది, 1914లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది. పిల్లలు అక్కడే ఉండిపోయారు.

అక్కడ కూడా చదువు ఆయన్ని వెంటాడింది. ఆక్స్‌ఫర్డ్‌లో సీటు దొరకలేదు. లండన్ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌కు మళ్లీ మళ్లీ కూర్చున్నారు, మళ్లీ మళ్లీ తప్పారు. తమ్ముడు మాత్రం గట్టెక్కి న్యాయశాస్త్రం చదివాడు. దాదాపు పదేళ్ల తరువాత, 1921 చివర్లో, అన్నదమ్ములు ఇండియాకు తిరిగి వచ్చేసరికి కృష్ణమూర్తికి తెలుగు పోయింది. పద్నాలుగేళ్ల దాకా ఇంట్లో మాట్లాడిన భాష అది. చుట్టూ ఒక్కరూ మాట్లాడకపోతే భాష నిలవదు. ఆ తరువాత జీవితాంతం ఆయన ప్రసంగాలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. మదనపల్లె వైపు వెళ్లినా అంతే. ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లల ఇంగ్లీషు పాడవుతుందేమోనని నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులకు నేను ఈ ముక్క తప్పకుండా చెబుతాను.

1925లో తమ్ముడు క్షయతో చనిపోయాడు. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, వేలమంది సభ్యుల ముందే, తాను అధిపతిగా ఉన్న సంఘాన్ని ఆయన రద్దు చేసేశారు. గురుపీఠం వద్దన్నారు. విరాళంగా వచ్చిన ఆస్తులు ఇచ్చినవాళ్లకే తిరిగి వెళ్లాయి. వాటిలో ఎర్డె కోట ఒకటి. 1934లో క్వేకర్లు ఆ కోటలో, ముఖ్యంగా జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన పిల్లల కోసం, ఒక బడి తెరిచారు. దానికీ ఆయనకూ సంబంధం లేదు, కోట ఒకటే.

పీఠం వదిలారు గానీ బడి పని వదల్లేదు. మదనపల్లెకు దగ్గర్లోని రిషివ్యాలీకి 1926లో బీజం పడింది. కాశీలో రాజ్‌ఘాట్ 1934లో, మన అడయారులో ‘ది స్కూల్’ 1973లో, కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో ఓక్ గ్రోవ్ 1975లో, బెంగళూరు వ్యాలీ స్కూల్ 1978లో మొదలయ్యాయి. వీటి మధ్య, 1969లో, ఇంగ్లండులోని హాంప్‌షైర్ పల్లెసీమలో బ్రాక్‌వుడ్ పార్క్ తెరిచారు. మొదట్లో చెప్పిన అంతర్జాతీయ పాఠశాల అదే.

అంతర్జాతీయ పాఠశాల అనగానే మనకు ఏసీ గదులు, ఈతకొలను, పెద్ద బస్సులు గుర్తొస్తాయి. బ్రాక్‌వుడ్ అలాంటిది కాదు. పద్దెనిమిదో శతాబ్దపు పాత భవంతి, చుట్టూ పచ్చిక, పెద్ద పెద్ద చెట్ల తోపు, కూరగాయల మడులు. పద్నాలుగు నుంచి పందొమ్మిదేళ్ల పిల్లలు, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి, అక్కడే ఉండి చదువుతారు. ఎన్నో దేశాల వాళ్లు వస్తారు గానీ మొత్తం కలిపి వందమంది కూడా ఉండరు. అందరికీ శాకాహారమే. ఉదయం పిల్లలూ పెద్దలూ ఒకచోట చేరి కాసేపు మౌనంగా కూర్చుంటారు, అందులో ప్రార్థన గానీ మంత్రం గానీ ఉండదు. తరువాత ఊడవడం, వంటింటి పని, గిన్నెలు కడగడం, అన్నీ వంతులవారీగా చేస్తారు. ఉపాధ్యాయులకు ఇందులో మినహాయింపు లేదు. టీచర్లను కూడా పేరు పెట్టే పిలుస్తారు. మన దగ్గర అది కుదరదు, కుదరాలని నేను కోరను కూడా! ర్యాంకులు, బహుమతులు లేవు. కావాలనుకున్న పిల్లలు ఇంగ్లండు పరీక్షలు రాసి విశ్వవిద్యాలయాలకు వెళ్తారు.

కృష్ణమూర్తి ఏటా కొన్ని నెలలు ఆ భవంతిలోనే ఉండేవారు, పిల్లలతో కూర్చుని మాట్లాడేవారు. ఆయన పట్టు ఒక్కదాని మీదే. భయపెట్టి, పక్కవాడితో పోల్చి చదివించకూడదు. భయం ఉన్నచోట పిల్లవాడి తెలివి పనిచేయదని ఆయన నమ్మకం. ఇది ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు, మైలాపూరు వసారాలో తెలిసింది అని నాకు అనిపిస్తుంది.

ఒక విమర్శ కూడా చెప్పాలి. ఇలాంటి బడుల్లో ఫీజు మనలాంటి కుటుంబాలకు అందదు. తరగతికి నలభై, యాభై మంది ఉన్నచోట ఈ మాటలు ఎలా పనికొస్తాయని నేనూ చాలాకాలం అనుకున్నాను. దానికి కొంత జవాబు రిషివ్యాలీ నుంచే వచ్చింది. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడిపింది. ఆ పిల్లల కోసం తెలుగులో కార్డులు తయారుచేసింది. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి కార్డు వాళ్లు తీసుకుని, ఎవరి వేగంతో వాళ్లు మెట్టు మెట్టుగా నేర్చుకుంటారు. వెనకబడ్డావని ఎవరినీ నిలబెట్టే పని లేదు. 2003లో మన చెన్నై కార్పొరేషన్ బడులు ఆ పద్ధతి చూసి తమిళంలోకి తెచ్చుకున్నాయి, తరువాత తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ అది పాకింది. ఇక్కడి పెద్ద పిల్లల్లో కొందరి స్నేహితులు ఆ కార్డులతో చదివినవాళ్లే. అవి మదనపల్లె పల్లెల్లో తెలుగులో పుట్టాయని వాళ్లకు చెప్పండి.

ఆయన చివరి ప్రసంగాలు మద్రాసులోనే, 1986 జనవరి మొదట్లో, వసంత విహార్‌లో జరిగాయి. అప్పటికి తొంభై ఏళ్లు, లోపల క్యాన్సర్ ముదిరింది. జనవరి 10న అమెరికా విమానం ఎక్కే ముందు, సాయంత్రం, అడయారు సముద్రతీరానికి నడిచి వెళ్లారు. 1909లో బెత్తం దెబ్బల పిల్లవాడిగా తిరిగిన తీరం అదే. కాసేపు నిలబడి సముద్రం వైపు, మిగతా దిక్కుల వైపు చూసి వెనక్కి వచ్చారు. ఫిబ్రవరి 17న ఓహాయ్‌లో కన్నుమూశారు.