వాస్తుశిల్పి జూలియా మోర్గాన్

భవన నిర్మాణం పురుషులకే తగిన వృత్తి అని లోకం భావించిన రోజులలో ఏడు వందలకు పైగా కట్టడాలకు రూపకల్పన చేసిన విదుషీమణి జూలియా మోర్గాన్. ఆమె 1872 జనవరి 20న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జన్మించారు. 1894లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి సివిల్ ఇంజనీరింగులో పట్టభద్రురాలయ్యారు. కట్టడం ఎట్లు నిలుచునో ముందు నేర్చి, దాని సొగసును పిదప అభ్యసించడమే ఆమె ప్రజ్ఞకు పునాది అని చెప్పవచ్చు.

గురుతుల్యుడైన బెర్నార్డ్ మేబెక్ ప్రోత్సాహంతో 1896లో ప్యారిస్ చేరారు. అక్కడి ఎకోల్ దె బోజార్ విద్యాలయం వాస్తుశాస్త్ర విభాగంలో అప్పటికి స్త్రీలకు ప్రవేశమే లేదు. 1897లో ద్వారాలు తెరిచాక, ప్రవేశ పరీక్షలో రెండుసార్లు నిరాశ ఎదురైనా వెనుదిరుగక, మూడవసారి 1898లో 13వ స్థానం సంపాదించారు. ముప్పది యేండ్లు నిండినవారు అక్కడ చదువు సాగించరాదని నియమం. ఆ గడువు తరుముతుండగా శ్రమించి, 1902లో వాస్తుశాస్త్రంలో ఆ విద్యాలయపు ధ్రువపత్రం పొందిన తొలి మహిళ అయ్యారు.

స్వదేశం వచ్చి జాన్ గేలెన్ హోవర్డ్ అనే ప్రసిద్ధ వాస్తుశిల్పి వద్ద చేరారు. స్త్రీ గనుక స్వల్ప వేతనంతో సరిపుచ్చవచ్చునని ఆయన సంతోషించేవారట! 1904లో కాలిఫోర్నియాలో లైసెన్సు పొందిన తొలి మహిళా వాస్తుశిల్పిగా ఆమె స్వతంత్ర వృత్తి ఆరంభించారు.

ఆ యేడే ఓక్లాండులోని మిల్స్ కళాశాలలో 72 అడుగుల గంటల గోపురాన్ని ఉక్కు కడ్డీలు వేసిన కాంక్రీటుతో నిర్మించారు. ఆ పద్ధతిపై అప్పటికి చాలామందికి నమ్మకం కుదరలేదు. 1906 ఏప్రిల్ 18న సంభవించిన మహాభూకంపానికి శాన్‌ఫ్రాన్సిస్కో నేలమట్టమై దగ్ధమైంది. గోపురం మాత్రం చెక్కుచెదరలేదు. ప్రకృతి పెట్టిన ఆ పరీక్షతో ఆమె పేరు మారుమోగింది. అగ్నికి ఆహుతైన ఫెయిర్‌మాంట్ హోటల్ పునరుద్ధరణ బాధ్యత ఆమెకు లభించింది. ఏడాదిలో అది తిరిగి తెరుచుకున్నది. అక్కడికి వచ్చిన ఒక పత్రికా విలేఖరి, స్త్రీ కదా, భోజనశాల అలంకరణ ఆమెదే కాబోలు అనుకున్నారు. అలంకరణ వేరొకరిదనీ, తన పని కట్టడాన్ని నిలబెట్టడమనీ ఆమె నెమ్మదిగా తెలియజేశారు. పరంజాలెక్కి ప్రతి పనినీ స్వయంగా పరీక్షించడం ఆమెకు అలవాటు.

పత్రికాధిపతి హెర్‌స్ట్ కోసం సాన్ సిమియన్ కొండపై 1919 నుండి 1947 వరకు ఆమె నిర్మించిన సౌధం జగద్విఖ్యాతం. వారమంతా కార్యాలయంలో పనిచేసి, వారాంతంలో రాత్రి రైలెక్కి సుమారు రెండు వందల మైళ్ళు ప్రయాణించి అక్కడి పనులు చూచుకొనేవారు.

అయితే ఆమె హృదయం తెలిసేది ఆ సౌధంలో కాదు, క్రైస్తవ యువతుల సంఘం వై.డబ్ల్యు.సి.ఏ.కు నిర్మించిన వసతి గృహాలలో. ఉద్యోగినులైన యువతులు స్నేహితులను పిలిచి భోజనం పెట్టుకొనుటకు చిన్న వంటగదులు, భోజనపు గదులు కేటాయించారు. చాలీచాలని జీతాల పిల్లలకు ఇంత వసతి ఎందుకని నిర్వాహకులు ఆక్షేపించగా, అందుకే ఇవ్వాలన్నది ఆమె సమాధానం.

ప్రచారానికి ఆమె సదా దూరంగా ఉన్నారు. 1951లో కార్యాలయం మూసి, 1957 ఫిబ్రవరి 2న కన్నుమూశారు. అమెరికా వాస్తుశిల్పుల సంస్థ తన స్వర్ణపతకాన్ని తొలిసారిగా ఒక మహిళకు ప్రకటించినది 2014 సంవత్సరానికి. ఆ మహిళ జూలియా మోర్గాన్. అప్పటికి ఆమె గతించి యాభై యేండ్లు దాటింది.