మన దేశపు అపొస్తలుడు తోమా

జూలై 3 అంటే కృష్ణా డెల్టాలో మనకు గుర్తొచ్చేవి కాలువ నీళ్లు, నారుమళ్లు. అదే రోజు భారతదేశపు అపొస్తలుడని పేరొందిన తోమా జ్ఞాపకార్థ దినమని మన సంఘాల్లో తెలిసినవారు తక్కువ. కథోలిక సోదరులు తోమాసువారి పండుగ చేసుకుంటారు. మనకు మాత్రం అతను అనుమానపు తోమాయే. ఎవరైనా విశ్వాసంలో తడబడితే అతని పేరు పెట్టి మందలిస్తాం. ఏళ్ల తరబడి పులిపిటం మీద నుంచి మేమూ అదే చేశాం.

సువార్తలోని తోమా అంత చిన్నవాడు కాడు. లాజరు చనిపోయినప్పుడు ప్రభువు తిరిగి యూదయకు బయలుదేరితే, అక్కడ రాళ్లతో కొడతారని శిష్యులు జంకారు. ఆయనతోపాటు మనమూ చనిపోదాం పదమని వాళ్లను లేవదీసింది తోమాయే. ఆఖరి రాత్రి, ఎక్కడికి వెళ్తున్నారో తెలియనప్పుడు దారి ఎలా తెలుస్తుందని అడిగిందీ అతనే. మిగతావాళ్లకూ తెలియదు, అడగలేదంతే. పునరుత్థానుడైన ప్రభువు మొదట కనిపించిన సాయంత్రం అతను అక్కడ లేడు. మేకుల గురుతులు చూస్తేగాని నమ్మనన్నాడు. ఎనిమిది దినాల తర్వాత ప్రభువు అతని కోసమే వచ్చినట్టు వచ్చి చేతులు చూపాడు. తోమా గాయాలను తాకాడని సువార్త ఎక్కడా చెప్పదు. చూడగానే యేసును తన ప్రభువుగా, తన దేవుడిగా ఒప్పుకున్నాడు. అంతకు మించిన ఒప్పుకోలు నాలుగు సువార్తల్లో లేదు. మందలించేటప్పుడు మేము ఆ వచనం దాకా వెళ్లేవాళ్లం కాదు.

తర్వాతి కథను 3వ శతాబ్దపు సిరియా గ్రంథం 'తోమా కార్యములు' చెబుతుంది. శిష్యులు చీట్లు వేసుకుంటే అతనికి భారతదేశం వచ్చిందట. వెళ్లనని మొండికేస్తే ప్రభువే అతన్ని ఒక వర్తకుడికి వడ్రంగి దాసుడిగా అమ్మేశాడట. గొండొఫరెస్ రాజు భవనం కట్టమని ఇచ్చిన డబ్బును తోమా పేదలకు పంచేసి, భవనం పరలోకంలో లేస్తోందన్నాడట. సంఘం ఈ గ్రంథాన్ని లేఖనంగా ఒప్పుకోలేదు. కానీ రాజు మాత్రం కల్పన కాదు. వాయవ్య దిక్కున దొరికిన నాణేలు, తఖ్త్-ఇ-బాహి శాసనం అతను 1వ శతాబ్దపు రాజేనని చూపించాయి.

కేరళ సంప్రదాయం వేరు. క్రీ.శ. 52లో కొడుంగల్లూరు రేవులో దిగి, ఏడు సంఘాలు స్థాపించి, 72లో మైలాపూరు దగ్గర ఈటెపోటుకు హతసాక్షి అయ్యాడంటారు. చరిత్రకారులందరూ దీన్ని ఒప్పుకోరు. రుజువు అడిగేవారిని చూసి నొచ్చుకునేవాడు కాదులెండి తోమా! ఆ రోజుల్లో మిరియాల కోసం రోమా ఓడలు ఆ రేవుకు వచ్చిన మాట నిజం. అదే శతాబ్దపు గ్రీకు నావికుడి గ్రంథంలో సన్నని వస్త్రాలకు పేరైన మసాలియా తీరం ఉంది. అది మన బందరు తీరమేనని పండితులంటారు.

తోమా బందరులో దిగాడని మేము చెప్పబోవడం లేదు. మన సంఘాల జ్ఞాపకం 1841లో అక్కడ దిగిన ఫాక్స్, నోబుల్ దొరలతో మొదలవుతుంది. అందుకే మనది దొరల మతమని ఎవరైనా అంటే తలవంచుకుంటాం. ఆ దొరల పూర్వీకులకు సువార్త చెప్పడానికి రోము నుంచి అగస్టీను వెళ్లింది 597లో. అప్పటికే మలబారు తీరంలో సంఘం ఉందని కాస్మాస్ అనే యాత్రికుడు రాసి ఉన్నాడు.

జూలై 3 తోమా మరణదినం కాదు. అతని అస్థికలు ఎదెస్సా పట్టణం చేరిన రోజుగా సిరియా సంఘాలు దీన్ని పాటించాయి. రోము కాలెండరులో డిసెంబరు 21న ఉన్న పండుగను 1969లో ఈ తేదీకి మార్చారు. మన ప్రభుత్వం 1964లో, 1973లో తోమా పేర తపాలా బిళ్లలు వేసింది. 2021 నుంచి సంఘభేదం లేకుండా ఎందరో దీన్ని భారత క్రైస్తవ దినంగా జరుపుకుంటున్నారు. సెలవు లేదు కాబట్టి మా సంఘంలో ఆరాధన సాయంత్రం ఏడింటికి, నాట్లకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక. యోహాను 20వ అధ్యాయం ఈసారి చివరిదాకా చదువుతాం.