సింహాసనం కారు.. ఎక్కని నిజాం
మానుకోట పేరులో మిగిలిన మహబూబ్ అలీ పాషా జీవితగాథ

మహబూబాబాద్: పాత రాజరికపు ఠీవి, కొత్త యంత్రశక్తి కలగలిసిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు అది. గుమ్మటాన్ని తలపించే ఎత్తయిన పైకప్పు, వెనుక భాగంలో సింహాసనాన్ని పోలిన ఆసనం, బంగారు మెరుగుల అలంకరణ దాని ప్రత్యేకతలు. హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచిన ఈ వాహనాన్ని చూడగానే పాత కార్ల అభిమానులు అడుగు ముందుకు వేయలేరు. సెల్‌ఫోన్లు బయటికి తీస్తారు. ఇంజను, తయారీ సంవత్సరం గురించి ఆరా తీస్తారు. అయితే ఈ కారును కోరి చేయించుకున్న ప్రభువు ఒక్కరోజు కూడా అందులో కూర్చోలేదన్న సంగతి వారిలో చాలామందికి తెలియదు. ఆ ప్రభువే ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. మానుకోటకు మహబూబాబాద్ అన్న పేరు ఆయన మీదుగానే వచ్చిందని ఈ ప్రాంత పెద్దలు చెబుతారు.

రెండున్నరేళ్లకే గద్దె

మహబూబ్ అలీఖాన్ 1866 ఆగస్టులో హైదరాబాద్‌లో జన్మించారు. తండ్రి అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో కన్నుమూయడంతో రెండున్నరేళ్ల పసివాడు అసఫ్‌జాహీ సింహాసనానికి వారసుడయ్యారు. నడక సరిగా రాని బాలుడి పేరిట రాజ్యాన్ని నడిపే బాధ్యతను దివాన్ మొదటి సాలార్‌జంగ్, ప్రముఖ అమీరు షమ్సుల్ ఉమ్రాలు స్వీకరించారు. బాల నిజాంకు అరబ్బీ, పారశీకం, ఉర్దూలతో పాటు ఇంగ్లిషు చదువూ చెప్పించారు. ఇందుకోసం ఆంగ్లేయ ఉపాధ్యాయుణ్ని నియమించారు. అసఫ్‌జాహీ వంశంలో పాశ్చాత్య విద్య అభ్యసించిన తొలి పాలకుడు ఆయనే.

1877 జనవరిలో విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ ఢిల్లీలో దర్బారు జరిగినప్పుడు సాలార్‌జంగ్ వెంట బాల నిజాం కూడా హాజరయ్యారు. అప్పటికి ఆయనకు పదేళ్లు. 1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగ్ హఠాత్తుగా మరణించారు. ఆ మరుసటి ఏడాది, 1884 ఫిబ్రవరి 5న, వైస్రాయి లార్డ్ రిప్పన్ హైదరాబాద్‌కు వచ్చి పద్దెనిమిదేళ్లయినా నిండని మహబూబ్ అలీకి సంపూర్ణ అధికారాలు అప్పగించారు. సాలార్‌జంగ్ కుమారుడు లాయక్ అలీఖాన్ దివాన్ అయ్యారు. ఆయన తరువాత అస్మాన్‌జా, వికారుల్ ఉమ్రా, మహారాజా కిషన్ ప్రసాద్ వరుసగా ఆ పదవిని నిర్వహించారు.

జనగామ, మానుకోట మీదుగా ధూమశకటం

ఆరవ నిజాం కాలంలో వరంగల్ ప్రాంతం రూపురేఖలను మార్చింది రైలు. వాడి నుంచి సికింద్రాబాద్ వరకు 1874లోనే మార్గం పడింది. తరువాత దానిని తూర్పు దిక్కుగా పొడిగించే పని చేపట్టి 1889 నాటికి బెజవాడ వరకు పూర్తి చేశారు. జనగామ, కాజీపేట, వరంగల్, నెక్కొండ, మహబూబాబాద్, డోర్నకల్ ఈ దారిలోనివే. అంతకుముందు ఎడ్లబండి మీద రోజుల తరబడి సాగిన ప్రయాణం గంటల్లోకి వచ్చింది. పల్లె సంతల సరుకు దూరపు బజార్లను చూసింది.

రైలు వెనుక బొగ్గు కూడా ఉంది. ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు నిక్షేపాలు ఉన్నట్లు 1871లోనే డాక్టర్ విలియం కింగ్ గుర్తించారు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాల హక్కులు పొందింది. డోర్నకల్ నుంచి అటువైపు శాఖా మార్గం వేశారు. ఆ పనే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా రూపుదిద్దుకుంది. భూపాలపల్లి గనుల్లో షిఫ్టు దిగే కార్మికుడి జీతానికి మూలం వెదుకుతూ పోతే చివరకు ఆ రోజుల్లోనే తేలుతుంది.

అయితే ఈ రైలు ఉచితంగా రాలేదు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరులోనే అసలు సంగతి ఉంది. లండన్‌లో వాటాలు కొన్నవారి పెట్టుబడికి నిజాం ఖజానా వడ్డీ హామీ ఇచ్చింది. కంపెనీకి లాభం రాకున్నా వాటాదారుకు మాత్రం సొమ్ము ముట్టాల్సిందే. ఆ ఖజానాను నింపింది జొన్న, వరి పండించి శిస్తు కట్టిన రైతులే.

పులి వేట, పాము మంత్రం

మహబూబ్ అలీకి వేట ప్రాణం. గోదావరి తీరం వరకు పరుచుకున్న వరంగల్ అడవులు ఆనాడు పులులకు నెలవు. వైస్రాయి లార్డ్ కర్జన్ 1902లో నెక్కొండ పరిసరాల్లో విడిది చేసి పులుల వేట సాగించారు. అప్పుడు తీసిన ఛాయాచిత్రాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ తన కెమెరాతో ఆ కాలపు వేట శిబిరాలను, దర్బారులను, కోటలను చరిత్రకు అందించారు.

అతిథి మర్యాదలు జరిగిన ఆ ఏడాదే నిజాం ఒక పెద్ద దెబ్బ తిన్నారు. అప్పులకు జామీనుగా బ్రిటిష్ వారి చేతిలో ఉన్న బేరార్ రాష్ట్రాన్ని ఏటా 25 లక్షల రూపాయల కౌలుకు శాశ్వతంగా వారికే వదులుకోవలసి వచ్చింది. అడవిలో పులిని ఎదుర్కొన్న పాలకుడు చర్చల గదిలో వైస్రాయి ముందు తలవంచక తప్పలేదు.

పల్లెల్లో మాత్రం ఆయనకు వేరే కీర్తి ఉంది. మహబూబ్ పాషా పేరు తలిస్తే పాము విషం దిగుతుందని జనం నమ్మేవారు. పాము కాటుకు గురైనవారు వస్తే అర్ధరాత్రి అయినా తనను నిద్ర లేపాలని ఆయన కాపలాదారులను ఆదేశించారని చెబుతారు. మారువేషంలో వీధుల్లో తిరిగేవారన్న కథలూ ఉన్నాయి. విషం దిగిందో లేదో ఎవరూ నిరూపించలేరు గానీ, ఏలికను తమవాడిగా జనం భావించారనడానికి ఈ కథలే సాక్ష్యం.

మూసీ వరద నాడు

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. సుమారు 15 వేల మంది ప్రాణాలు కోల్పోయినట్లు అంచనా. నిలువ నీడ కోల్పోయినవారి కోసం నిజాం తన రాజభవనాల తలుపులు తెరిపించారు. అన్నదాన కేంద్రాలు ఏర్పాటు చేయించారు. పండితుల సూచన మేరకు ఆయన హిందూ సంప్రదాయంలో మూసీకి హారతి ఇచ్చి శాంతించమని వేడుకున్నారన్న కథ నగరంలో తరతరాలుగా వినిపిస్తోంది. మరుసటి ఏడాది ప్రఖ్యాత ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి వరద నివారణకు పథకం కోరారు. ఆ పథకం ఫలితమే తరువాతి కాలంలో వెలసిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు.

విద్య, వైద్య రంగాలలోనూ ఆ కాలం గుర్తులు మిగిల్చింది. 1887లో నిజాం కళాశాల, 1891లో అసఫియా గ్రంథాలయం ఏర్పడ్డాయి. క్లోరోఫాం మత్తు ప్రభావంపై 1888, 1889 సంవత్సరాల్లో హైదరాబాద్‌లో జరిగిన పరిశోధనలకు నిజాం ధనసహాయం చేశారు. రాజభాషగా పారశీకం స్థానంలో ఉర్దూ వచ్చింది. తెలుగుకు దర్బారులో చోటు దక్కలేదు. అయినా తెలుగు అభిమానులు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయాన్ని స్థాపించుకున్నారు. సర్కారు అండ లేకుండా జనమే నిలబెట్టుకున్న సంస్థలివి.

వజ్రం, దుస్తులు, దుబారా

మహబూబ్ అలీ విలాసాలకు లెక్క లేదు. పురానీ హవేలీలోని ఆయన దుస్తుల బీరువా ఒక గది కాదు, రెండంతస్తుల మందిరం. సుమారు 176 అడుగుల పొడవున్న ఈ చెక్క నిర్మాణం ఇప్పుడు నిజాం మ్యూజియంలో సందర్శకులను ఆశ్చర్యపరుస్తోంది. ఒకసారి తొడిగిన దుస్తులను ఆయన మళ్లీ తొడిగేవారు కాదని ప్రతీతి.

1891లో అలెగ్జాండర్ జాకబ్ అనే వ్యాపారి 184 క్యారట్లకు పైబడిన వజ్రాన్ని నిజాంకు చూపించారు. బేరం 46 లక్షల రూపాయలకు కుదిరి, సగం సొమ్ము బయానాగా చేతులు మారింది. ఆ తరువాత నిజాం మనసు మార్చుకోవడంతో వ్యవహారం కలకత్తా హైకోర్టుకు ఎక్కింది. చివరకు 23 లక్షలకే వజ్రం నిజాం సొంతమైంది. కోర్టు గొడవతో విసిగిన ఆయన దాన్ని పట్టించుకోలేదని, ఆయన మరణానంతరం కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు అది పాత చెప్పు ముందుభాగంలో దొరికిందని చెబుతారు. కాగితాలు ఎగరకుండా బరువుగా వాడిన ఆ వజ్రం 1995లో నిజాం నగలన్నిటితో పాటు భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. మొత్తం నగలకు ప్రభుత్వం చెల్లించిన ధర 218 కోట్ల రూపాయలు.

కొత్త ఇంజను.. పాత సింహాసనం

ఇటువంటి ప్రభువుకు మోటారు కారు మీద మనసు పడటంలో వింత లేదు. 1906లో ఉత్పత్తి మొదలైన రోల్స్ రాయిస్ 40/50 శ్రేణి కారు 1907లో దాదాపు 15 వేల మైళ్ల పరీక్షా ప్రయాణాన్ని తట్టుకుని పేరు తెచ్చుకుంది. వెండిరంగు పూసిన ఆ పరీక్షా వాహనం పేరే మొత్తం శ్రేణికి సిల్వర్ ఘోస్ట్‌గా స్థిరపడింది. ఆరు సిలిండర్ల ఇంజను చప్పుడు లేకుండా నడవడం దాని గొప్పతనం. మహబూబ్ అలీ 1911లో దీన్నే కోరారు. అయితే అందరిలా కాదు. రోల్స్ రాయిస్ ఛాసిస్ మీద లండన్‌లోని బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. బయటికి చూస్తే పూర్వకాలపు రాజరథం, లోపల అప్పటి అత్యాధునిక యంత్రం. ఊరేగింపులో అంబారీ మీద కూర్చున్న రాజు దూరం నుంచి కనిపించినట్లే ఇందులోనూ ప్రభువు ఎత్తుగా కనిపించాలన్నది ఆలోచన.

పాత ఆకారాన్ని కొత్త వాహనానికి తొడిగే విద్య ఇప్పటి కంపెనీలకూ ఇష్టమే. 1994లో డెట్రాయిట్ ప్రదర్శనలో ఫోక్స్‌వ్యాగన్ సంస్థ పాత బీటిల్‌ను తలపించే నమూనా కారును ఉంచితే జనం ఎగబడ్డారు. ఆ ఆదరణ చూసే సంస్థ కొత్త బీటిల్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. అటువంటి ముచ్చటను నిజాం ఎనభై ఏళ్లు ముందే తీర్చుకోదలచారు. తేడా ఒక్కటే. అక్కడ నమూనా చూసి వేలమంది కొన్నారు. ఇక్కడ కారు ఒక్కరి కోసమే తయారైంది.

ఆ ఒక్కరికీ అది దక్కలేదు. 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మహబూబ్ అలీఖాన్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 45 ఏళ్లు. మక్కా మసీదు ప్రాంగణంలో వంశీకుల సమాధుల సరసన ఖననం చేశారు. ఆ తరువాతే కారు హైదరాబాద్ చేరింది. ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ దాన్ని ముఖ్యమైన వేడుకలకే బయటికి తీశారు. 1947 వరకు అది తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. కిలోమీటర్లలో దాదాపు 573. హైదరాబాద్ నుంచి మహబూబాబాద్‌కు రెండుసార్లు వెళ్లి వచ్చేంత దూరం కూడా కాదు.

కారు కదలని ముప్పై అయిదేళ్లు

కారు షెడ్డులో నిలిచి ఉన్న ఆ కాలంలో బయట రాజ్యం నిలిచి లేదు. అప్పటి నల్లగొండ జిల్లాలో భాగమైన జనగామ తాలూకాలో దేశ్‌ముఖ్‌ల వెట్టికి వ్యతిరేకంగా పల్లెలు లేచాయి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను గడీకి అప్పగించేది లేదని నిలబడింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకు నేలకొరిగారు. మహబూబ్ అలీ మరణించి అప్పటికి ముప్పై అయిదేళ్లు. ప్రభువు మంచివాడని పాటలు కట్టిన జనమే, ఆయన వారసుడి రాజ్యంలో గడీల మీదికి నడిచారు. దయగల పాలకుడు ఉన్నా, శిస్తు వసూలు చేసే చేతులు మారకపోతే పల్లె బతుకు మారదని ఈ నేల అనుభవం. ఆ కారు అందాన్ని మెచ్చుకునేవారు దాని ఖరీదు ఎవరి చెమట నుంచి వచ్చిందో గుర్తు చేసుకోవడం కూడా న్యాయమే.

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. జనవాడుకలో మానుకోట పేరు చెరగలేదు. రైల్వే స్టేషన్ బోర్డు మీద, ప్రభుత్వ కాగితాల మీద మహబూబాబాద్ కొనసాగుతోంది. చౌమహల్లా ప్యాలెస్‌ను 2005లో ప్రజల సందర్శనకు తెరిచారు. పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. చార్మినార్‌కు సమీపంలోని ఈ ప్యాలెస్‌ను శుక్రవారం మినహా మిగతా రోజుల్లో టికెట్ తీసుకుని చూడవచ్చు. మానుకోటలో రైలెక్కి, జనగామ మీదుగా సికింద్రాబాద్‌లో దిగేవారు ఆ నిజాం కాలంలో పరిచిన దారి వెంబడే వెళ్లి, ఆయన ఎక్కని కారును చూసి రావచ్చు.